పదకొండు మంది, ఒకటే పుట్టినరోజు

మా చెల్లెలు చరితకు అంగన్‌వాడీ రిజిస్టరు లెక్కన ఈ జూన్ ఒకటో తారీఖుతో ఆరేళ్ళు నిండాయి. అసలు లెక్కన ఐదు కూడా నిండలేదు. అదొక్కతే కాదు, మా తండాలో పదకొండు మంది పిల్లలది అదే తారీఖు, అదే సంవత్సరం. ఆ పదకొండు సార్లూ రాసింది నేనే. నీలం పెన్నుతో, ఎక్కడా కొట్టివేత లేకుండా, గుండ్రంగా రాశాను.

మూడేళ్ళ కిందట తండాకు సెంటర్ కొత్తగా వచ్చింది. మా యాడి జమునా అందులో ఆయా. అమ్మను మేము యాడి అనే పిలుస్తాం. టీచరమ్మ సత్యవతి గారు రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చేవారు. మూడేళ్ళు నిండిన పిల్లలు పదిహేను మందైనా లేకపోతే వచ్చిన సెంటర్ వచ్చినట్టే వెనక్కి పోతుందని పైనుంచి కబురు వచ్చింది. నిండినవాళ్ళు ఐదుగురే. రెండేళ్ళకు అటూ ఇటూగా, పడుతూ లేస్తూ నడిచేవాళ్ళు పదకొండు మంది.

"ఒక్క ఏడాదేగా జమునా," అన్నారు టీచరమ్మ. "పిల్లలు పెరక్కుండా ఉంటారా ఏంటి? రేపో మాపో మూడు నిండేవాళ్ళే. హారిక చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. దాని చేత రాయించు."

నేనప్పుడు ఎనిమిదో తరగతిలోకి వచ్చాను. తారీఖు ఏం వేయాలని యాడి చెవిలో అడిగాను. నలుగురిలో గట్టిగా అడగడం నాకు చేతకాదు.

"బడి తెరిచే నెల ఎయ్యి," అంది యాడి. "మన చరితదే ముందుగాల రాయి. మనదే ముందుంటే ఎవ్వలేమనరు."

అట్లా జూన్ ఒకటి అయింది. తర్వాత ఆధార్ తీసేవాళ్ళు తండాకు వచ్చినప్పుడు, ఆ రిజిస్టరు చూసే అందరికీ కార్డులు తీశారు. సెంటర్ నిలిచింది. టీచరమ్మ కోదాడ నుంచి బాదుషాలు తెచ్చి అందరికీ ఒకటిచ్చి నాకు రెండిచ్చారు.

ఈ ఏడు ఏప్రిల్‌లో నా పదో తరగతి పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఇంట్లో ఉక్క భరించలేక సెంటర్‌కు పోయి యాడికి కూరగాయలు తరిగిచ్చేదాన్ని. ఒకరోజు పొద్దున సూపర్‌వైజర్ రూప మేడం వచ్చారు. చేతిలో ట్యాబ్. ఏ సెంటర్ పిల్లలకు ఎంత వచ్చిందో చూసి మండలమంతా వరుస వేస్తారట. ఐదు దాటిన పిల్లలు ఇరవై వరకు లెక్కపెట్టాలి, బొమ్మ చూసి నాలుగు మాటల కథ చెప్పాలి, పలక మీద రెండు అక్షరాలు దిద్దాలి.

చరితను మొదట కూర్చోబెట్టారు. ఒకటి నుంచి ఆరు వరకు బాగానే చెప్పింది. తర్వాత పన్నెండు అంది. తర్వాత ఇంకా పెద్దగా పన్నెండు అంది.

"కథ చెప్పు బిడ్డా. గీ బొమ్మల ఏమున్నది?"

"మేక."

"మేక ఏం చేస్తున్నది?"

చరిత ఆలోచించింది. "నాకు నిద్రొస్తున్నది," అంది. చెప్పడమే కాదు, మేడం సంచి మీద తల పెట్టి పడుకుంది కూడా. దాని తర్వాత కూర్చున్నవాడు సుద్దముక్క కొరికి తిన్నాడు. మూడో పిల్ల మేడంను చూసి ఏడవడం మొదలుపెట్టి, పరీక్ష అయ్యేవరకూ ఆపలేదు.

మేడం ట్యాబ్ పక్కన పెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సత్యవతి గారూ, ఐదు దాటి ఆరుకొస్తున్న పిల్లలు. పదకొండు మందిల ఒక్కరికన్న పలక మీద గీత నిలుస్తున్నదా? మండలంల అట్టడుగున పడ్డరు మీరు."

"చిన్నపిల్లలు కదండీ..."

"ఆరొస్తుంటె చిన్నపిల్లలేందండి? తండా పిల్లలు గింతే అంటరు. నేనేమో కాదని వాదిస్త. నా వాదన ఏం కావాలె?"

నా చేతిలో ఉన్న బెండకాయను మూడు ముక్కలు చేయాల్సింది, ముప్పై ముక్కలు చేశాను.

"సరే, ఇంకొక ముచ్చట," అన్నారు మేడం లేస్తూ. "జూన్ వస్తె ఈ పదకొండు మంది బడికి వోతరు. మీకు మిగిలేది తర్వాత చేరిన చిన్నోళ్ళు ఐదుగురు. ఐదుగురికి ఒక సెంటర్ నడపనియ్యరు. ఊర్ల సెంటర్‌ల కలుపుతరు."

ఊరు, అందులోని బడి హైవేకు అవతలి పక్క ఉన్నాయి. కోదాడ పోతుంటే మునగాల దాటాక తండా ఎడమ వైపు, ఊరు కుడి వైపు. ఊరి సెంటర్‌లోనూ పిల్లలు లేరు. అక్కడి రైతుల పిల్లలందరినీ పొద్దున్నే పసుపు వ్యాన్లు కోదాడ ప్రైవేటు బళ్ళకు ఎత్తుకుపోతాయి. మా తండాలో వ్యాను ఎక్కించే స్థోమత లేదు గానీ, మునుపటిలా కాన్పులూ లేవు. ఇద్దరు చాలంటున్నారు. ఇంకొందరు దామరచర్ల కరెంటు ప్లాంటు పనులకు పోతూ పిల్లల్ని కూడా వెంట తీసుకుపోయారు. మా నాన్న లింగ్యా కూడా అక్కడే పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు.

ఆ సాయంత్రం యాడి పొయ్యి ముట్టించలేదు. గడపలో కూర్చుని అవతల పోయే లారీలను చూస్తూ ఉండిపోయింది.

"నా పని ఏడనో ఒకకాడ ఏస్తరు, అది కాదు," అంది చివరికి. "గా రోడ్డు దాటి పోవాల్నా ఈ పిల్ల? పోయి ఒకటో తరగతిల కూసోవాల్నా? దీనికి ముక్కు తుడుసుకోనీకె రాదు."

"అసలు తారీఖులు పెట్టిస్తే?" అన్నాను.

యాడి నా వైపు తిరిగింది.

"అసలు వయసు పెట్టిస్తే అందరూ ఇంకో ఏడాది ఇక్కడే ఉంటారు కదా. పరీక్షలో కూడా తప్పినట్టు కాదు. నాలుగేళ్ళ పిల్లలకు అంతే వస్తుంది."

"మరి పో. ఇంటింటికి పోయి అడుగు. రాయి. నీకు రాసుడొస్తది గదా."

నా డైరీ వెనక పేజీలు ఖాళీగా ఉంటే వాటిలో పదకొండు గీతలు కొట్టుకుని బయలుదేరాను. తండాలో మేం మాట్లాడుకునేది మా లంబాడీల గోర్ బోలిలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మొదట దస్రు కాకా ఇంటికి పోయాను. ఆయన మనవడే సుద్దముక్క తిన్నవాడు.

"మావోడా? మావోడు పుట్టిన్నాడే మా బర్రె ఈనింది," అన్నాడు కాకా.

"బర్రె ఎప్పుడు ఈనింది కాకా?"

"అరే, చెప్తి గదనే. మావోడు పుట్టిన్నాడు."

లోపల్నుంచి కాకీ నవ్వింది. "గా ముసలోనికి బర్రె పుట్టినరోజే యాదికుంటది బిడ్డా, పిల్లగాంది ఉండదు. వానాకాలం సీత్లా పండుగకు ముందు మంగళారం. నాకెరుక. కోడిని కోద్దామని తెచ్చుకుంటిమి, గింతల్నే నొప్పులొచ్చినయ్."

అట్లా అందరూ చెప్పారు. ఒకరు మిరప ఏరుడుకు పోయి వచ్చిన వారం అన్నారు. ఒకరు రెండో కరోనాలో, ఊరోళ్ళు రోడ్డుకు కంప అడ్డం వేసిన మర్నాడు అన్నారు. చరిత సంగతి నాకే తెలుసు. మొదటి కరోనా ఏడు, శ్రావణంలో తీజ్ మొలకలు వాగులో విడిచి వచ్చిన మర్నాడు. దవాఖానకు పోతే కరోనా అంటుకుంటుందని ఇంట్లోనే కాన్పు చేశారు. పాత క్యాలెండర్లు ముందేసుకుని, పండుగలూ అమావాస్యలూ సరిచూసి, రెండు రోజుల్లో పదకొండు తారీఖులూ తేల్చాను. ఎవరికీ ఐదు నిండలేదు. ఆ పేజీ చూసుకుంటే నాకే ముచ్చటేసింది. పని అయిపోయిందనుకున్నాను.

టీచరమ్మ ఆ పేజీ చూసి, "బర్రె సాక్ష్యాలు చెల్లవమ్మా, దవాఖాన కాగితం కావాలి," అన్నారు.

మే నెలంతా యాడికీ నాకూ బస్సుల్లోనే గడిచింది. సూర్యాపేట దవాఖానలో రికార్డుల గది ముందు పొద్దున నుంచి నిలబడితే మధ్యాహ్నం మా వంతు వచ్చింది.

"తల్లి పేరు?" అని లోపలి గుమస్తా అడిగాడు.

"భూక్యా బుజ్జి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. యాడి గట్టిగా చెప్పింది.

"ఆ నెలల భూక్యా బుజ్జిలు నలుగురున్నరు. ఏ బుజ్జి?"

"మా తండా బుజ్జి సార్."

"నలుగురిది తండానే రాసున్నది. ఏ తండానో రాయలే."

ఏడెనిమిది సార్లు తిరిగితే చేతికి వచ్చింది రెండు కాగితాలు. రెంటిలోనూ బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. కోదాడ ఆధార్ సెంటర్‌లో, పేరు లేని కాగితం పనికిరాదు, పేరు ఎక్కించుకుని రమ్మన్నారు. పేరు ఎక్కించమని మళ్ళీ సూర్యాపేట పోతే, పిల్ల ఆధార్ తెమ్మన్నారు. తెచ్చాం. గుమస్తా చూశాడు.

"తారీఖు కలుస్తలేదమ్మా."

"కలవకనే గద సార్ మేమొచ్చింది," అంది యాడి.

"మరి కలిపించుకొని రాండి."

"ఏడ కలిపిస్తరు సార్?"

"కోదాడల."

ఇంకొక పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఇంటికాడ, మిర్యాలగూడలో పుట్టింది. అక్కడికీ పోయాం. పాత పుస్తకాలు కట్టలు కట్టి పైన పెట్టామనీ, నిచ్చెన లేదనీ చెప్పారు. బస్టాండులో కూర్చుని ఇద్దరం చెరో మిర్చి బజ్జీ తిన్నాం. తిరుగు బస్సులో కిటికీలోంచి దుమ్ము కొడుతున్నా యాడి అద్దం వేయలేదు.

నాన్న వచ్చినప్పుడు అంతా విన్నాడు. "పిల్ల బడికి పోతె మంచిదే గదనే. జల్ది సదువైపోతది," అన్నాడు. యాడి కంచం ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టి బయటికి పోయింది.

మే చివరి వారంలో రూప మేడం మళ్ళీ వచ్చారు. ఈసారి ట్యాబ్‌తో పాటు కాగితాల కట్ట కూడా ఉంది. సెలవులు కాబట్టి పిల్లలు లేరు. రేకుల గది నిప్పుల కొలిమిలా ఉంది. టీచరమ్మ కోదాడ నుంచి వచ్చి కూర్చుని ఉన్నారు. యాడి ఊడుస్తూ ఉంది. నేను గడప దగ్గర నిలబడ్డాను.

"ఈ పదకొండు మందిని బడికి పంపినట్టు సంతకం పెట్టుండ్రి," అన్నారు మేడం.

టీచరమ్మ పెన్ను తీసుకోలేదు. "మేడం, ఒక మాటండి. కొందరి తారీఖులు... కాస్త అటూ ఇటూ పడ్డాయి."

"కొందరియా?"

"అంటే... అందరివీనండి."

మేడం రిజిస్టరు తెప్పించుకుని ఆ పేజీ తీశారు. పై నుంచి కింది వరకు వేలు పెట్టి చూశారు. ఇంతకాలం ఆమె కూడా చూడలేదని అప్పుడు నాకు అర్థమైంది. పదకొండు వరుసలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"ఈ చేతిరాత మీది కాదు గదా. ఎవరు రాసిన్రు?"

టీచరమ్మ గోడ మీద అక్షరాల చార్టు వైపు చూశారు. యాడి చీపురు పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. బడిలో పదేళ్ళు చదివినా నేను చెయ్యెత్తి ఒక్క జవాబు చెప్పలేదు. ఆ రోజు మాత్రం ఎవరూ తోయకుండానే మాట బయటికి వచ్చేసింది.

"నేనే రాసిన మేడం. అసలు తారీఖులు నా కాడ ఉన్నయ్. అన్నీ రాసి పెట్టిన."

మేడం నన్ను పై నుంచి కిందికి చూశారు. "నువ్వెవరు బిడ్డా?"

"ఆయమ్మ బిడ్డను."

ఆమె కోప్పడలేదు. అలసిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలారు.

"నిజం చెప్పినవ్. మంచిదే. గిప్పుడు నేనేం రాయాలె? సర్కారు రిజిస్టరు బయటి పిల్లతోని రాయించిన్రని రాయాల్నా? రెండేండ్ల పిల్లలను మూడేండ్లని చూపిచ్చి సెంటర్ నిలబెట్టుకున్నరని రాయాల్నా? రాస్త. తారీఖులు మారతయేమో. గాని మీ టీచరమ్మ ఉండదు, మీ యాడి ఉండదు. దొంగ లెక్కల మీద నిలబడ్డ సెంటర్‌ను అసలే ఉండనియ్యరు. రాయకుంటె సెంటర్ ఊర్ల కలుస్తది, ఈళ్ళ పనులు ఈళ్ళకుంటయ్. మీరే చెప్పుండ్రి."



"తారీఖులు కరెక్టేనండి," అన్నారు టీచరమ్మ. చార్టు వైపు చూస్తూనే అన్నారు.

మేడం యాడి వైపు తిరిగారు. యాడి చీపురు గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చిన్నపోరి మేడం. దానికేం తెల్వదు. తారీఖులు సక్కగనే ఉన్నయ్."

టీచరమ్మ సంతకం పెట్టారు. మేడం కాగితాలు సంచిలో పెట్టుకుని, "మంచినీళ్ళున్నయా బిడ్డా?" అని నన్ను అడిగారు. కుండలో ముంచి తెచ్చి ఇచ్చాను.

ఇంటికి వచ్చాక యాడి నన్ను వాకిట్లోనే నిలబెట్టింది.

"ఇన్నేండ్లు నీకు నోట్లె నాలుక లేదనుకున్న. గీ ఒక్కనాడే ఏడికెల్లి వచ్చిందే?"

"అసలు తారీఖులు రాయమన్నది నువ్వే కదా."

"తారీఖులు రాయమన్న. రాసినోల్ల పేరు చెప్పమన్ననా?"

"మరి ఎవరు రాశారని అడిగితే ఏం చెప్పాలి?"

చరిత మా ఇద్దరి మధ్య కూర్చుని మట్టిలో ఏదో గీస్తూ ఉంది. ఏమిటని అడిగితే మేక అంది. అది గీసిన దానికి మేక పోలిక కొంచెం ఉంది కూడా. మేడం వచ్చిన రోజు గీసి ఉంటే ఏం పోయింది అనిపించి, దాని మీద కూడా కోపం వచ్చింది. కాలితో చెరిపేశాను. అది ఏడ్చింది. డైరీలో ఆ రోజు పేజీ మీద తారీఖు ఒక్కటే ఉంది. కింద ఏమీ రాయలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. సెంటర్ తలుపుకు తాళం పడింది. మిగిలిన ఐదుగురికి ఊరి సెంటరే అన్నారు గానీ, వాళ్ళ తల్లులు పంపేది లేదన్నారు. యాడిని ఊరి సెంటర్‌లోనే వేశారు. పొద్దున తొమ్మిదికి ఆమె తన పాత చీరను పొడుగ్గా పేని, పదకొండు మంది పిల్లలనూ పట్టుకోమంది. ముందు కొస ఆమె పట్టుకుంది, వెనక కొస నేను పట్టుకున్నాను. హైవే పక్కన చాలాసేపు నిలబడ్డాం. విజయవాడ వైపు నుంచి లారీలు, బస్సులు, కార్లు ఆగకుండా వస్తున్నాయి. ఖాళీ దొరికిందని యాడి "ఉరుకుండ్రి" అంటే, పిల్లలు చీర వదిలేసి తలో దిక్కు ఉరికారు. బుజ్జి బిడ్డ నడి రోడ్డులో ఊడిన చెప్పు కోసం ఆగింది. దాన్ని చంకలో వేసుకుని ఎట్లా దాటానో నాకు గుర్తు లేదు. మధ్యలో డివైడర్ మీద నిలబడి, యాడి పిల్లల తలలు మూడుసార్లు లెక్కపెట్టింది.

ఊరి బడి హెడ్మాస్టర్ యుగంధర్ సార్ గేటు దాకా ఎదురొచ్చారు. ఐదు తరగతులకూ కలిపి ఆ బడిలో పద్దెనిమిది మందే ఉన్నారని, ఇంకా తగ్గితే బడి కూడా ఉండదని తర్వాత తెలిసింది. మా వరసను చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"రాండ్రి రాండ్రి! పదకొండు మందా జమునమ్మా? మా బడికి పానం పోసినవ్ పో."

వరండాలో బల్ల వేసి, కొత్త అడ్మిషన్ పుస్తకం తెరిచారు. యాడి ఆధార్ కార్డుల కట్ట ఆయన ముందు పెట్టింది. మొదటి కార్డు చరితది. పలకను గుండెకు అదుముకుని అది బల్ల ముందు నిలబడింది. బల్ల అంచు దాని గడ్డం దాకా వచ్చింది.

"నీ పేరేంది బిడ్డా?" అన్నారు సార్ రాస్తూనే.

"చరిత."

"ఎన్నేండ్లు నీకు?"

చరిత ఒక చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళు చూపించింది. వెనక ఎవరో తల్లి కిసుక్కున నవ్వింది. యాడి వంగి, మడిచి ఉన్న దాని బొటనవేలును పట్టుకుని తెరిచింది. ఐదయ్యాయి. చరిత తన చేతిని తనే వింతగా చూసుకుంది. కార్డు లెక్కన ఇంకొక వేలు కావాలి. రెండో చేత్తో అది పలక వదలడం లేదు. యాడి తల తిప్పి నా వైపు చూసింది. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

సార్ తలెత్తలేదు. కార్డు చూసి అప్పటికే రాసేశారు.

"ఇంకొగలను తోలుండ్రి," అన్నారు పేజీ మీద చెయ్యి ఆనించి.

చరిత ఐదు వేళ్ళూ అట్లాగే పైకి పట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని నిలబడి ఉంది.